ఎడిటర్ ఎంపిక – 4వ పాఠం: మద్దిలపాలెం పోయి 11 ప్రశ్నార్థకాలు మిగిలితే

ఈ పాఠంలో కంప్యూటర్‌లో రాతకూ కోడుకూ వాడే ఎడిటర్లు నోట్‌ప్యాడ్++, వీఎస్ కోడ్‌లలో ఎవరికి ఏది నప్పుతుందో చూడాల్సింది. కానీ విశాఖలో గాజువాక నుంచి తగరపువలస దాకా బస్టాపుల పేర్లు రాసి సేవ్ చేయమంటే, చాలామందికి తెరిచేసరికి తెలుగు మాయమైంది. ముందు ఆ సంగతి తేల్చాలి.

మద్దిలపాలెం స్థానంలో ప్రశ్నార్థకాలు వచ్చినవాళ్లు లెక్కపెట్టండి, 11 ఉంటాయి. కంటికి అయిదు అక్షరాలే. కంప్యూటర్ మాత్రం హల్లు, పొల్లు, గుణింతపు గుర్తు, సున్న అన్నీ విడివిడిగా దాస్తుంది. ‘ద్ది’ ఒక్కటే నాలుగు: ద, పొల్లు, ద, గుడి. పాత విండోస్‌లో దాంతోపాటే వచ్చే నోట్‌ప్యాడ్ మామూలుగా ఆన్సీ అనే పాత పద్ధతిలో సేవ్ చేస్తుంది. మన సిస్టమ్‌లలో ఆ పద్ధతిలో తెలుగుకు చోటు లేదు, అందుకే గుర్తుకొక ప్రశ్నార్థకం రాసేస్తుంది. రాసేముందు అక్షరాలు పోతాయని హెచ్చరిస్తుంది కూడా. చదవకుండా ఓకే నొక్కి ఫైలు మూసేస్తే ఇక చేసేదేమీ లేదు, మళ్లీ టైపు చేయాల్సిందే. 2019 నాటి విండోస్ 10 1903 వెర్షన్ నుంచి నోట్‌ప్యాడ్ కొత్త ఫైళ్లను తెలుగుకు చోటున్న యూటీఎఫ్-8 పద్ధతిలో దాస్తోంది. ఇంట్లో బాగున్నది కాలేజీ ల్యాబ్‌లో చెడటానికి ఒక కారణం ఇదే.

ప్రశ్నార్థకాలు కాక, నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు ‘ఏ’, పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో పదేపదే కనిపిస్తే కంగారు పడకండి. మీ తెలుగు భద్రంగానే ఉంది. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కొక్కటి మూడు బైట్లు (ఫైలు సైజును కొలిచే చిన్న ముక్కలు). ఎడిటర్ వాటిని మూడు వేర్వేరు అక్షరాలుగా చదువుతోంది, అంతే.

అసలు ప్రమాదం ఇక్కడే. వీఎస్ కోడ్‌లో కింద కుడివైపు ఎన్‌కోడింగ్ (అక్షరాలను దాచే పద్ధతి) పేరు మీద నొక్కితే రెండు మాటలు వస్తాయి: రీఓపెన్ విత్ ఎన్‌కోడింగ్, సేవ్ విత్ ఎన్‌కోడింగ్. మీకు కావలసింది మొదటిది. అది ఫైలును ముట్టుకోదు, చదివే తీరే మారుస్తుంది. రెండోది నొక్కి యూటీఎఫ్-8 ఎంచుకుంటే ఆ పిచ్చి అక్షరాలే అసలు రాతగా స్థిరపడతాయి, ఫైలు సైజు రెట్టింపు దాటుతుంది. పైగా పొల్లులోని మూడో బైటుకు విండోస్-1252 (మన సిస్టమ్‌లలోని ఆన్సీ) పట్టికలో అక్షరమే లేదు, కాబట్టి ఒత్తులన్నీ పోవచ్చు. నోట్‌ప్యాడ్++ ఎన్‌కోడింగ్ మెనూలోనూ ఇదే తిరకాసు: పై వరసలు చదివే తీరును మారుస్తాయి, ‘కన్వర్ట్’ అని మొదలయ్యేవి రాతనే మారుస్తాయి. తెర మీద తెలుగు సరిగ్గా కనిపించే దాకా కన్వర్ట్ జోలికి, సేవ్ జోలికి వెళ్లకండి.

డీటీపీ సెంటర్ నుంచి ‘అను’ అనే పాతరకం తెలుగు ఫాంట్లలో తెచ్చుకున్న రాతది వేరే కథ. అందులో ఉన్నవి తెలుగు కోడ్లు కావు. ఏ ఎడిటరూ బాగుచేయలేదు, కన్వర్టర్ కావాలి.

ఇక ఎంపిక. 4 జీబీ ర్యామ్ ఉన్న విండోస్ సిస్టమ్ అయితే నోట్‌ప్యాడ్++. 8 జీబీ ఉంటే, కథలూ కోడూ రెండూ రాసేవాళ్లకు నా ఓటు వీఎస్ కోడ్‌కే. అందులో లైన్ హైట్ 1.8 పెట్టండి, లేకపోతే కింది ఒత్తులు తర్వాతి వరుసకు తగిలి చదవడం కష్టమవుతుంది. ఫాంట్ జాబితా చివర, తెలుగు అక్షరాలున్న విండోస్ ఫాంట్ నిర్మల యూఐ చేర్చండి.

అభ్యాసం: ఇసుకతోట, హనుమంతవాక, ఎండాడ, మధురవాడ, కొమ్మాది – ఒక్కో పేరుకు ఒక్కో ఫైలు. చివర ఎంటర్ కొట్టొద్దు, విండోస్‌లో అది మరో రెండు బైట్లు. ముందు కాగితం మీద గుర్తులు లెక్కపెట్టి, మూడుతో హెచ్చవేసి, తర్వాత ప్రాపర్టీస్‌లో సైజ్‌తో సరిచూడండి. ‘సైజ్ ఆన్ డిస్క్’ కాదు. హనుమంతవాకకు 27 రావాలి. 30 వస్తే బామ్‌తో (ఫైలు మొదట్లో చేరే మూడు బైట్ల గుర్తు) సేవ్ అయిందన్నమాట, 9 వస్తే ఆన్సీలో. తప్పిన ఫైలు తుడిచేయకుండా, ఎక్కడ తప్పిందో దాని పేరులోనే రాసి ఉంచండి.