ల్యూమినాల్ బేస్‌లైన్ కుదరడం లేదా? ముందు నీళ్లు చూడండి

సన్నటి గొట్టంలో (క్యాపిలరీలో) వోల్టేజితో పదార్థాలను వేరుచేసే క్యాపిలరీ ఎలక్ట్రోఫోరెసిస్‌కి రసాయన చర్యలో పుట్టే వెలుగుని కొలిచే కెమిల్యూమినిసెన్స్ డిటెక్టర్ బిగించాక, శాంపిల్ లేనప్పుడు నిలకడగా ఉండాల్సిన సిగ్నల్ గీత, అంటే బేస్‌లైన్ పైకీ కిందికీ ఊగుతుంటే అందరం ముందు వోల్టేజిని, తర్వాత క్యాపిలరీని అనుమానిస్తాం. గుంటూరులో మా ల్యాబ్‌లో నేనూ వారం రోజులు అదే చేశాను. తీరా చూస్తే తేడా నీళ్లలో ఉంది.

ఈ డిటెక్టర్‌లో వాడే ల్యూమినాల్ అనే రసాయనం క్షార ద్రావణంలో హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిస్తే 425 నానోమీటర్ల దగ్గర నీలి వెలుగు ఇస్తుంది. కోబాల్ట్, రాగి అయాన్లు రవ్వంత ఉన్నా ఆ వెలుగు బాగా పెరుగుతుంది. ల్యాంప్ లేకుండా, పూర్తి చీకట్లో వచ్చే సన్నటి వెలుగునే కొలుస్తాం కాబట్టి ఈ పద్ధతికి అంత సున్నితత్వం. నీళ్లలోని లోహం కూడా అలాగే పట్టుబడుతుంది.

కాబట్టి ఇలా చేయండి. వోల్టేజి వేయకుండా, శాంపిల్ పెట్టకుండా, ల్యూమినాల్‌, పెరాక్సైడ్‌ మాత్రమే కలిపి సిగ్నల్ చూడండి. తర్వాత వేరే చోట తెచ్చిన డీఅయొనైజ్డ్ (అయాన్లు తీసేసిన) నీళ్లతో అవే ద్రావణాలు మళ్లీ కలపండి. సిగ్నల్ పడిపోయిందా, దొంగ దొరికినట్టే. మా దగ్గర సగానికి పైగా పడిపోయింది.

ఆ తర్వాత గాజు సీసాలు పక్కన పెట్టి, పలచటి నైట్రిక్ ఆమ్లంలో రాత్రంతా నానబెట్టి కడిగిన ప్లాస్టిక్ సీసాలు వాడుతున్నాం. లోహాన్ని కట్టేయడానికి ఈడీటీఏ అనే రసాయనం కలుపుదామనిపిస్తుంది. మీరు కొలిచేది కోబాల్టే అయితే మాత్రం వద్దు, సిగ్నల్‌నే చంపేస్తుంది. పెరాక్సైడ్‌ని ఏ రోజుకారోజు పలచన చేసుకోండి, మన ఎండలకి బయట పెడితే నిలవదు. ఫోటోమల్టిప్లయర్ (సన్నటి వెలుగుని పట్టే సెన్సర్) ఆన్‌లో ఉండగా డిటెక్టర్ డబ్బా మూత తీయొద్దు, దయచేసి.