డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ పేపర్‌ను ఎలా చదవాలి?

నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీలోనైనా, మహబూబ్‌నగర్ పాలమూరు యూనివర్సిటీలోనైనా బీఎస్సీ మ్యాథ్స్ తీసుకుంటే ఈ పేపర్ తప్పదు. ఇందులో మార్కులు పోయేది ఎక్కువగా కొత్త పాఠాల దగ్గర కాదు, ఇంటర్‌లో సగంలో వదిలేసిన ఇంటిగ్రేషన్ దగ్గర.

1. ముందు పాత బాకీ తీర్చండి

క్లాసులు ఊపందుకోకముందే ఇంటర్ సెకండియర్ పుస్తకం బయటికి తీయండి. ఎక్స్·ఈ^ఎక్స్, 1/(ఎక్స్² − 1), టాన్ ఎక్స్. ఈ మూడింటినీ పుస్తకం చూడకుండా ఇంటిగ్రేట్ చేయండి. ఎక్కడ తడబడితే ఆ చాప్టర్ మళ్లీ చేయాల్సిందే. లాగ్ సూత్రాలు కూడా చూసుకోండి: ఈ^(2 లాగ్ ఎక్స్) అంటే ఎక్స్², 2ఎక్స్ కాదు. ఇంటిగ్రేటింగ్ ఫ్యాక్టర్ (లీనియర్ ఈక్వేషన్‌ను ఇంటిగ్రేట్ చేయడానికి వీలుగా దాన్ని గుణించే ఫంక్షన్) కట్టేటప్పుడు ఈ ఒక్క తప్పు చాలు, లెక్కంతా పోతుంది.

2. రకం గుర్తుపట్టడం విడిగా సాధన చేయండి

పుస్తకంలో ఎక్సర్‌సైజ్ పైన మెథడ్ పేరు రాసి ఉంటుంది, పరీక్షలో ఉండదు. అందుకే వేర్వేరు చాప్టర్ల లెక్కలు ఓ ఇరవై చీటీల మీద రాసి కలిపేయండి. ఒక్కో చీటీ తీసి మెథడ్ పేరు, మొదటి స్టెప్పు చెబితే చాలు. దేవరకొండ నుంచో మిర్యాలగూడ నుంచో రోజూ బస్సులో వచ్చేవాళ్లు కాగితం, పెన్ను లేకుండానే ఈ పని చేయొచ్చు.

చూడాల్సిన వరుస ఇది: వేరియబుల్స్ విడిపోతాయా? లేకపోతే వైలో లీనియరా? అదీ కాకపోతే డీఎక్స్/డీవైగా తిప్పి, ఎక్స్‌లో లీనియరేమో చూడండి. ఎక్కువమంది మరిచిపోయేది ఇదే. తర్వాత హోమోజీనియస్, బెర్నౌలీ, ఎగ్జాక్ట్. ఇంకో మాట: డీవై/డీఎక్స్ = వై² లాంటి దాంట్లో వై²తో భాగించగానే వై = 0 అనే సొల్యూషన్ జారిపోతుంది. దాన్ని పక్కన రాసి పెట్టుకోండి.

3. ఒక్క లెక్క పూర్తిగా చేయండి

మునుగోడు, మర్రిగూడ వైపు బోరునీళ్లలో ఫ్లోరైడ్ సంగతి నల్లగొండ జిల్లాలో తెలియనివాళ్లుండరు. దాన్నే లెక్కగా తీసుకుందాం. 1000 లీటర్ల ట్యాంకు నిండా లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీళ్లున్నాయి. లీటరుకు 0.5 మిల్లీగ్రాములున్న నీళ్లు నిమిషానికి 20 లీటర్ల చొప్పున వస్తున్నాయి. ట్యాంకులో బాగా కలిసి, అంతే వేగంతో బయటికి పోతున్నాయి. తాగునీటి ప్రమాణాల్లో పై హద్దయిన లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు ఎంతసేపట్లో దిగుతుంది?

ట్యాంకులోని మొత్తం ఫ్లోరైడ్‌ను (మిల్లీగ్రాముల్లో) ఎఫ్, గడిచిన నిమిషాలను టీ అనుకోండి. నిమిషానికి లోపలికి వచ్చేది 20 × 0.5 = 10 మిల్లీగ్రాములు, పోయేది 20 × ఎఫ్/1000, అంటే ఎఫ్/50. కాబట్టి

డీఎఫ్/డీటీ + ఎఫ్/50 = 10

ఇంటిగ్రేటింగ్ ఫ్యాక్టర్ ఈ^(టీ/50). దాంతో గుణించి ఇంటిగ్రేట్ చేస్తే

ఎఫ్·ఈ^(టీ/50) = 500·ఈ^(టీ/50) + సీ

ఇంటిగ్రేషన్ కాన్‌స్టంట్ సీ ఇక్కడే రావాలి. దాన్ని మరిచిపోయి, భాగించాక చివర్లో తగిలిస్తే ఎఫ్ = 500 + సీ అవుతుంది. మొదట్లో ఎఫ్ 4000 కాబట్టి ఎప్పటికీ 4000గానే ఉంటుంది. ఎంత మంచినీళ్లు పోసినా ఫ్లోరైడ్ తగ్గదన్నమాట! సరైన జవాబు ఎఫ్ = 500 + 3500·ఈ^(−టీ/50). లీటరుకు 1.5 కావాలంటే ఎఫ్ 1500 కావాలి; టీ = 50 × ఎల్ఎన్ 3.5, సుమారు 62.6 నిమిషాలు. క్యాలిక్యులేటర్‌లో లాగ్ బటన్ నొక్కితే 27 వస్తుంది, ఎందుకంటే అది పది బేస్‌తో లెక్కిస్తుంది. ఎల్ఎన్ బటనే నొక్కాలి.

రాసింది సరిచూసుకోవడం తేలికే: టీ సున్నా అయితే లీటరుకు 4 రావాలి, టీ బాగా పెరిగితే 0.5 దగ్గర ఆగాలి.

4. సెకండ్ ఆర్డర్‌లో తప్పులు జరిగే చోట్లు

ఆగ్జిలరీ ఈక్వేషన్ రాసి రూట్స్ కనుక్కోవడం ఎవరైనా చేస్తారు. చిక్కంతా పర్టిక్యులర్ ఇంటిగ్రల్‌లో, అంటే కుడివైపు ఉన్నదాన్ని ఇచ్చే ఒక సొల్యూషన్ కనుక్కోవడంలో. (డీ² − 4డీ + 4)వై = ఈ^(2ఎక్స్) తీసుకోండి; డీ అంటే డీ/డీఎక్స్. డీ బదులు 2 పెడితే కింద సున్నా వస్తుంది. అలవాటుగా ఎక్స్·ఈ^(2ఎక్స్) రాసేస్తారు. కానీ 2 అనే రూట్ రెండుసార్లు వచ్చింది కాబట్టి జవాబు (ఎక్స్²/2)·ఈ^(2ఎక్స్).

వేరియేషన్ ఆఫ్ పారామీటర్స్ మొదలుపెట్టేముందు వై″ ముందున్న గుణకంతో ఈక్వేషన్ మొత్తాన్ని భాగించండి. కాషీ-ఆయిలర్ ఈక్వేషన్‌లో ఎక్స్ = ఈ^జెడ్ పెట్టాక ఎక్స్²వై″ స్థానంలో డీ(డీ − 1)వై రాయాలి, డీ²వై కాదు; ఇక్కడ డీ అంటే డీ/డీజెడ్.

5. పరీక్ష హాల్లో

జవాబు వచ్చాక దాన్ని అసలు ఈక్వేషన్‌లో పెట్టి చూడండి. మొత్తం చేసే టైం లేకపోతే పర్టిక్యులర్ ఇంటిగ్రల్ వరకైనా పెట్టి చూడండి, తప్పులు ఎక్కువగా దొరికేది అక్కడే. ఇనీషియల్ కండిషన్ ఇచ్చిన ప్రశ్నలో సీ విలువ కనుక్కోకుండా ఆపేయకండి.