పూరీ, కోణార్క్‌లకు తక్కువ ఖర్చుతో మిత్రబృందం యాత్ర ఎలా చేయాలి?

పూరీ వెళ్లివచ్చినవారిని ఏం తిన్నారని అడిగితే చాలామంది హోటల్ పరోటా పేరు చెబుతారు. ఆ జవాబు వినలేకే ఇది రాస్తున్నాను. ఆ ఊళ్లో ఒక పూట భోజనం జగన్నాథుడి గుడిలో చేయాలి. మిగతా ప్రయాణాన్ని దాని చుట్టూ అమర్చుకోవాలి.

ముందుగా: నలుగురే వెళ్లండి. ఐదో మనిషి వస్తే రెండో ఆటో, రెండో గది తప్పవు. నవంబరు, ఫిబ్రవరి మధ్య వెళ్లండి. రథయాత్ర రోజుల్లో తక్కువ ఖర్చన్న మాటే మరచిపోవాలి. తలా ఇంత అని బయలుదేరకముందే ఒకరి దగ్గర జమ చేయండి. పూరీకి నేరుగా రైలు దొరకకపోతే ఖుర్దా రోడ్‌లో దిగండి, అక్కడి నుంచి సుమారు 44 కిలోమీటర్లు. తోలు బెల్టులు, పర్సులు ఇంట్లోనే వదిలేయండి. గుడిలోకి తోలు వస్తువులు, ఫోన్లు రానివ్వరు.

మొదటి రోజు: పొద్దున సముద్రం, సాయంత్రం బట్ట మీద వేసే బొమ్మలు, పట్టచిత్రాలు గీసే రఘురాజ్‌పూర్. ఆ ఊళ్లో బొమ్మ కొంటే గీసిన ఇంట్లోనే కొనండి. పూరీ అలలు బలమైనవి, కాళ్ల కింది ఇసుకను లాగేస్తాయి. తీరంలో స్నానాలు చేయించే నోలియాలను వెంట ఉంచుకోండి. వారిలో చాలామంది తెలుగు మాట్లాడే మత్స్యకారులే. తెలుగులో పలకరించి చూడండి, ఆప్యాయంగా జవాబిస్తారు.

రెండో రోజు, మహాప్రసాదం: అందరూ తప్పు చేసేది ఇక్కడే. పొద్దున దర్శనం చేసుకుని, ప్రసాదం ఇంకా రాలేదని బయటికి వచ్చి కడుపు నింపుకుంటారు. మధ్యాహ్నం మళ్లీ లోపలికి వెళ్లి రెండు మెతుకులు నోట్లో వేసుకుని అదే మహాప్రసాదం అనుకుంటారు. అలా చేయకండి. పొద్దున టీతో సరిపెట్టుకోండి. భోగం, అంటే స్వామికి నైవేద్యం పెట్టడం, ఎప్పుడు పూర్తవుతుందో రోజూ ఒకేలా ఉండదు. కాబట్టి ఆ రోజు ఇంకే పనీ పెట్టుకోకూడదు. ఆ రోజుకు తిరుగు ప్రయాణం టికెట్టు అసలే కొనకూడదు.

వంటంతా కట్టెల పొయ్యిల మీద, ఒకదానిపై ఒకటి పేర్చిన మట్టి కుండల్లో. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప ఉండవు. నైవేద్యం అయ్యాక కుండలు గుడి ఆవరణలో ఈశాన్యాన ఉన్న, ప్రసాదం అమ్మే ఆనంద బజారుకు వస్తాయి. మొదట కనిపించిన కుండ దగ్గరే బేరం ముగించకండి. నాలుగు చోట్ల అడగండి. అన్నం, పప్పు, కూర, తీపి ఏవేవి ఎంతెంత అన్నది విడివిడిగా తేల్చుకున్నాకే డబ్బు ఇవ్వండి. నలుగురికీ కలిపి కొంటే చవక. ఒక్కొక్కరు విడిగా కొన్న బృందం ఎక్కువ ఇచ్చుకుని తక్కువ తిన్నది నా కళ్లతో చూశాను.

నేల మీద కూర్చుని తినాలి. కులం, అంతస్తు చూడకుండా ఒకే ఆకులో పంచుకుని తినే ఆచారం ఇది. గదికి తెప్పించుకుంటే అన్నం వస్తుంది గానీ పక్కన కూర్చునే ఆ మనుషులు రారు. ఒక్క సందర్భానికే మినహాయింపు: గుడిలోకి హిందువులనే అనుమతిస్తారు. మీ బృందంలో వేరే మతంవారు ఉంటే కుండలు బయటికి తెచ్చుకుని అందరూ కలిసే తినండి. స్నేహితుణ్ని సింహద్వారం దగ్గర నిలబెట్టి మీరు లోపల తినడం నాకు నచ్చదు.

కాస్త చరిత్ర కూడా. ఈ గుడి కట్టడం 12వ శతాబ్దంలో మొదలుపెట్టిన అనంతవర్మ చోడగంగదేవుడిది తూర్పు గంగ వంశం. ఆ వంశం ఒకప్పటి రాజధాని కళింగనగరం శ్రీకాకుళం జిల్లాలోని ముఖలింగమే అని చరిత్రకారులు గుర్తించారు. వీలైతే తిరుగు దారిలో ఆ గుళ్లూ చూడండి.

మూడో రోజు: కోణార్క్‌కు సుమారు 35 కిలోమీటర్లు, బస్సులోనే వెళ్లండి. సూర్యుడి రథంగా మలిచిన ఆ రాతి గుడిని 13వ శతాబ్దంలో మొదటి నరసింహదేవుడు కట్టించాడు. ఇరవై నాలుగు చక్రాలు, ఏడు గుర్రాలు. ఎండ ముదరకముందే చూసి చంద్రభాగ తీరానికి వెళ్లండి. అక్కడ నీళ్లలోకి దిగకండి, గట్టున కూర్చుంటే చాలు. విరగ్గొట్టిన పాల ముద్దను కాల్చి చేసే తీపి ఛెనాపోడ ఒక ముక్క కొని నలుగురూ పంచుకోండి. ఇంటికి మాత్రం పూరీ ఖాజాలే తీసుకెళ్లండి, దారిలో పాడవవు.