హావ్‌లాక్‌లో స్కూబానా, నీల్‌లోనా? దిగే ముందు జాగ్రత్తలు

అండమాన్ టూర్ ఖాయం కాగానే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, వీపున గాలి సిలిండర్ కట్టుకుని సముద్రంలోకి దిగే స్కూబా డైవింగ్ హావ్‌లాక్ దీవిలో చేయాలా, నీల్ దీవిలోనా అని. రెండు దీవుల మధ్య ఫెర్రీలో సుమారు గంట ప్రయాణం. 2018లో వీటి పేర్లు స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ అని మార్చారు కాబట్టి టికెట్ మీద ఆ పేర్లు చూసి కంగారు పడకండి. స్కూబా ఎక్కడ చేయాలో తేల్చుకునే ముందు మీ తిరుగు ఫ్లైట్ ఏ రోజు, ఏ గంటకో చూసుకోండి. నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద జాగ్రత్త అదే.

నీళ్ల లోతులో ఒత్తిడి పెరిగేకొద్దీ మనం పీల్చే గాలిలోని నైట్రోజన్ రక్తంలో, కండరాల్లో కరుగుతుంది. పైకి వచ్చాక అది మెల్లగా బయటికి పోవాలి. ఈలోపే విమానం ఎక్కితే, క్యాబిన్‌లో ఒత్తిడి తక్కువ కాబట్టి ఒంట్లోనే బుడగలు కట్టే ప్రమాదం ఉంది. కీళ్ల నొప్పులు, తిమ్మిర్లు వస్తాయి, ముదిరితే కాళ్లూ చేతులూ పడిపోవచ్చు. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఒకటికి మించి చేస్తే 18 గంటలు ఆగాలి. 24 గంటలు ఆగితే ఏ టెన్షనూ ఉండదు. ఈ జబ్బుకు ప్రత్యేకమైన ప్రెషర్ ఛాంబర్‌లో పెట్టి వైద్యం చేయాలి. అది ఈ చిన్న దీవుల్లో దొరకదు, పోర్ట్ బ్లెయిర్ (2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు) చేర్చాల్సిందే.

మామూలు ప్యాకేజీల్లో ముందు హావ్‌లాక్, తర్వాత నీల్, చివర పోర్ట్ బ్లెయిర్ వస్తాయి. అందుకే స్కూబా హావ్‌లాక్‌లోనే, చేరిన మర్నాడు పొద్దున్నే ముగించేసుకోమంటాను. నీల్‌ని విశ్రాంతికి ఉంచుకోండి. నీల్‌లో ఆఖరి రోజు డైవ్ చేసి, ఫెర్రీ దిగి, తెల్లారగానే ఫ్లైట్ ఎక్కే ప్లాన్ ఏజెంట్ ఇస్తే ఒప్పుకోకండి.

హావ్‌లాక్‌లో డైవ్ సెంటర్లు ఎక్కువ. కొత్తవాళ్లను నీమో రీఫ్ లాంటి లోతు తక్కువ చోట్లకు తీసుకెళ్తారు. డిక్సన్స్ పినాకిల్, జానీస్ గార్జ్ లాంటివి లోతైనవి, ప్రవాహం కూడా ఉంటుంది. ఓపెన్ వాటర్ (డైవింగ్‌లో మొదటి స్థాయి కోర్సు) సర్టిఫికెట్‌తో 18 మీటర్ల వరకే వెళ్లాలి. ‘పర్లేదు సార్, మేమున్నాం కదా’ అన్నా ఆ లోతు దాటకండి. నీల్‌లో సెంటర్లు తక్కువ, రద్దీ కూడా తక్కువే. అయితే భరత్‌పూర్ తీరంలో ఆటుపోట్ల వేళ తెలుసుకుని దిగాలి. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు పగడాలు బయటపడతాయి, కాళ్లు కోసుకుపోతాయి.

సౌకర్యాల సంగతికొస్తే, పెద్దవాళ్లూ చంటిపిల్లలూ వెంట ఉంటే ఎక్కువ రాత్రులు హావ్‌లాక్‌లో ఉండటమే మేలు. అక్కడ రకరకాల హోటళ్లు, రిసార్టులు ఉన్నాయి. 2020లో చెన్నై నుంచి వేసిన సముద్రగర్భ ఇంటర్నెట్ కేబుల్ ఆ దీవికి కూడా చేరింది. నీల్ చిన్న ఊరు, ప్రశాంతం, సైకిల్ మీద తిరిగేయొచ్చు. కానీ నగదు, రోజూ వేసుకునే మాత్రలు, పిల్లల మందులు పోర్ట్ బ్లెయిర్‌లోనే సర్దుకోండి.

ఇక డైవ్ సంగతి. ముందు ఒక ఆరోగ్య ఫారం ఇస్తారు. చాలామంది చదవకుండానే అన్నిటికీ ‘లేదు’ అని టిక్ పెట్టేస్తారు. దయచేసి అలా చేయకండి. ఆస్తమా, గుండె జబ్బు, మూర్ఛ, చెవి ఆపరేషన్, గర్భం... వీటిలో ఏది ఉన్నా దాచకూడదు. డాక్టర్ సరేనన్నాకే దిగండి, గర్భిణులైతే అసలు దిగకూడదు. జలుబుతో ముక్కు మూసుకుపోయి ఉంటే ఆ రోజు మానేయండి, డబ్బు పోయినా సరే. ముందు రాత్రి మద్యం వద్దు. పదేళ్ల లోపు పిల్లల్ని సముద్రంలో డైవ్‌కి దించకండి.

మొదటిసారి దిగేవాళ్లకు 12 మీటర్లే హద్దు. ఒక ఇన్‌స్ట్రక్టర్ చేతిలో ఎంతమంది ఉంటారో డబ్బు కట్టకముందే అడగండి, కొత్తవాళ్లకైతే ఒక్కొక్కరికీ ఒక ఇన్‌స్ట్రక్టర్ ఉండటమే మంచిది. రెండు మూడు అడుగులు దిగగానే ముక్కు పట్టుకుని మెల్లగా గాలి ఊదుతూ చెవులు తెరుచుకునేలా చూసుకోండి. నొప్పి మొదలయ్యాక బలంగా ఊదకండి, కాస్త పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించండి. పైకి వచ్చేటప్పుడు ఎట్టి పరిస్థితుల్లోనూ ఊపిరి బిగబట్టకూడదు, వ్యాకోచించే గాలి ఊపిరితిత్తుల్ని చీల్చేస్తుంది. మరొకటి, బొటనవేలు పైకెత్తితే నీళ్లలో ‘పైకి పోదాం’ అని అర్థం. బాగానే ఉన్నానని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. ఒడ్డునే దీన్ని ఇంటిల్లిపాదీ ప్రాక్టీస్ చేసుకోండి.

మే నుంచి సెప్టెంబరు వరకు నైరుతి వానలు, ఆ తర్వాత డిసెంబరు దాకా తుపాన్ల భయం ఉంటుంది. 2016 డిసెంబరులో వాతావరణం చెడి ఈ రెండు దీవుల్లో వందల మంది పర్యాటకులు చిక్కుకుపోతే నేవీ ఓడలు తీసుకురావాల్సి వచ్చింది. ఫ్లైట్‌కు ముందు రోజు పోర్ట్ బ్లెయిర్‌లో ఖాళీగా ఉంచుకోండి. ఉప్పునీటి మొసళ్లు కూడా ఉన్నాయి. 2010లో హావ్‌లాక్‌లోని రాధానగర్ బీచ్ దగ్గర స్నార్కెలింగ్ (గొట్టంతో ఊపిరి తీస్తూ నీటిపైనే ఈదడం) చేస్తున్న అమెరికా పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయారు. మొసళ్ల హెచ్చరిక బోర్డు ఉన్నచోట, చీకటి పడ్డాక, మడ అడవుల దగ్గర నీళ్లలోకి వెళ్లకండి. తిరిగొచ్చేటప్పుడు పగడపు ముక్క, చచ్చినదైనా సరే, బ్యాగులో వేసుకోకండి. అది వన్యప్రాణి చట్టం కింద నేరం, ఎయిర్‌పోర్టులో బ్యాగులు స్కాన్ చేస్తారు.