పాత కారు ఏసీ: బాగు చేయించాలా, తీసేయించాలా?

పదిహేనేళ్లు దాటిన మారుతి 800, జెన్, శాంత్రో, ఇండికా లాంటి కార్లలో ఏసీ మూలపడితే యజమానికి రెండే సలహాలు వినిపిస్తాయి. ఒకటి, "గ్యాస్ కొట్టిస్తే సరిపోతుంది." రెండోది, "ఈ వయసు బండికి ఏసీ ఎందుకు, తీసేయించండి." చాలాసార్లు రెండూ తప్పే. ఏసీ గ్యాస్ పెట్రోలులా మండి ఖర్చయ్యేది కాదు, మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. కంప్రెసర్ (గ్యాస్‌ను ఒత్తిడితో తిప్పే పంపు) షాఫ్టు సీలు నుంచి, రబ్బరు గొట్టాల నుంచి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తగ్గడం మామూలే కాబట్టి, నాలుగైదేళ్లకోసారి నింపించుకుంటే తప్పు లేదు. ప్రతి వేసవికీ నింపాల్సి వస్తుంటే మాత్రం అది రోగమే.

ఇక తీసేయడం సంగతి. పాడైన ఏసీని కనెక్షన్ ఊడదీసి ఉన్నచోటే వదిలేసినా చాలా కార్లు ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తాయి. నిజంగా విప్పాల్సిన పరిస్థితులు కొన్నే. అవేమిటో తేలాలంటే ముందు జబ్బు ఎక్కడుందో తెలియాలి.

గాలి వస్తోంది, చల్లదనం లేదు

బానెట్ తెరిచి, ఇంజను నడుస్తుండగా ఏసీ స్విచ్ వేయమని లోపల ఒకరిని కూర్చోబెట్టండి. కంప్రెసర్ పుల్లీ ముందున్న గుండ్రటి ప్లేటు 'టక్' మని అతుక్కుని పుల్లీతో పాటు తిరగాలి. చేతులు, చున్నీలు బెల్టుకు దూరంగా ఉంచండి.

ప్లేటు అతుక్కోకపోతే మొదట ఫ్యూజు, తర్వాత రిలే (కరెంటు పంపే చిన్న స్విచ్) చూడాలి. అవి బాగుంటే గ్యాస్ ఒత్తిడి చూపే గేజీలు తగిలించాలి. ఇంజను ఆపి కారు చల్లారాక, బయట 30 డిగ్రీలున్నప్పుడు ఆర్-134ఏ గ్యాస్ ఉన్న కారులో రెండు గేజీలూ దాదాపు 95-100 పీఎస్‌ఐ చూపాలి. 20, 30 దగ్గర ఉంటే గ్యాస్ దాదాపు అయిపోయినట్టే, ప్రెషర్ స్విచ్ కావాలనే కంప్రెసర్‌ను ఆపేస్తోంది. కంప్రెసర్‌కు కావలసిన ఆయిలు గ్యాస్‌తో పాటే తిరుగుతుంది. గ్యాస్ లేకుండా నడిపితే లోపలి భాగాలు అరిగి పట్టేస్తాయి. అందుకే ఆ స్విచ్‌ను వైరు ముక్కతో కలిపేసి "పనిచేస్తోంది చూడండి" అనే మెకానిక్ దగ్గర నుంచి కారు వెంటనే తెచ్చేసుకోవాలి. ఇంకో మాట: ఆగి ఉన్న కారులో గేజీ 95 చూపినంత మాత్రాన గ్యాస్ పూర్తిగా ఉందని కాదు. లోపల కొంచెం ద్రవం మిగిలి ఉన్నా అదే అంకె వస్తుంది. ఎంత ఉందో తేలాలంటే మొత్తం బయటకు తీసి తూకం వేయాల్సిందే.

ప్రెషర్ బాగానే ఉండి ప్లేటు అతుక్కోవడం లేదంటే, మ్యాగ్నెట్ క్లచ్ (ఆ ప్లేటును పుల్లీకి అతికించే అయస్కాంతం) వైరుకు బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు ఇచ్చి చూడమనండి. అప్పుడు అతుక్కుంటే లోపం వైరింగులోనో, స్విచ్చుల్లోనో, థర్మోస్టాట్‌లోనో ఉంది. ఇవన్నీ చిన్న ఖర్చులే. అప్పటికీ అతుక్కోకపోతే క్లచ్‌లోని అయస్కాంతపు కాయిల్ కాలిపోయి ఉండాలి, లేదా ప్లేటుకూ పుల్లీకీ మధ్య ఎడం పెరిగి ఉండాలి. ఆ ఎడం మామూలుగా అర మిల్లీమీటరు దరిదాపుల్లో ఉంటుంది. పొద్దున ఏసీ బాగా పనిచేసి, ఇంజను వేడెక్కాక వదిలేస్తుంటే అనుమానించాల్సింది దీన్నే. లోపలున్న పలుచని వాషరు ఒకటి తీస్తే సరిపోయే ఈ పనికి కంప్రెసర్ మొత్తం మార్పించుకున్నవారు ఉంటారు.

ప్లేటు తిరుగుతున్నా చల్లదనం లేకపోతే నడుస్తున్న ఇంజను మీద గేజీలు చూడాలి. మన వేసవిలో ఆరోగ్యంగా ఉన్న ఏసీ లో-సైడు (తక్కువ ఒత్తిడి వైపు) 30-45, హై-సైడు (ఎక్కువ ఒత్తిడి వైపు) 200-250 పీఎస్‌ఐ ప్రాంతంలో చూపుతుంది. లో-సైడు బాగా ఎక్కువగా, హై-సైడు బాగా తక్కువగా, రెండూ ఒకదానికొకటి దగ్గరగా ఉంటే కంప్రెసర్ అరిగిపోయింది. ఎంత గ్యాస్ పోసినా లాభం లేదు.

రోడ్డు మీద చల్లగా, సిగ్నల్ దగ్గర వేడిగా

సంతోషించాల్సిన లక్షణం ఇది. రేడియేటరు ముందుండి గ్యాస్ వేడిని బయటికి వదిలే కండెన్సర్‌కు గాలి ఆడటం లేదు, అంతే. ఫ్యాను మోటారు అరిగి ఉండవచ్చు, రిలే పోయి ఉండవచ్చు, లేదా కండెన్సర్ రెక్కల నిండా దుమ్ము, పురుగులు పేరుకుని ఉండవచ్చు. కారు నిలిపి, ఏసీ నడుస్తుండగా కండెన్సర్ మీద మగ్గుతో నీళ్లు చల్లండి. రెండు నిమిషాల్లో గాలి చల్లబడితే రోగం దొరికినట్టే. ఇంటి కుళాయి గొట్టంతో మెల్లగా కడిగితే చాలు. సర్వీసింగ్ షెడ్లలో వాడే జెట్‌తో దగ్గరగా కొడితే రెక్కలు వంగిపోయి కొత్త సమస్య మొదలవుతుంది.

మొదట చల్లగా వచ్చి, కాసేపటికి ఆగిపోతోంది

ఇక్కడ గాలి వేగాన్ని గమనించాలి. గాలి క్రమంగా సన్నగిల్లి, ఏసీ ఆపి పావుగంటాగితే మళ్లీ మామూలైతే, లోపలి గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్ మీద మంచు గడ్డకడుతోంది. థర్మోస్టాట్ సెన్సరు కంప్రెసర్‌ను సమయానికి ఆపడం లేదు, లేదా కాయిల్ దుమ్ముతో మూసుకుపోయింది. క్యాబిన్ ఫిల్టరు లేని పాత కార్లలో రెండోదే ఎక్కువ.

గాలి వేగం తగ్గకుండా చల్లదనం మాత్రమే వస్తూ పోతూ ఉంటే, గొట్టాల్లో తేమ చేరి, కాయిల్‌లోకి గ్యాస్‌ను సన్నగా వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వు దగ్గర గడ్డకడుతోంది. తేమను పీల్చే డ్రయర్ మార్చి, వాక్యూమ్ సరిగా పట్టించి (పంపుతో లోపలి గాలి, తేమ లాగేసి) గ్యాస్ నింపితే పోతుంది.

కాళ్ల దగ్గర తివాచీ తడిసినా, ముక్క వాసన వచ్చినా ఏసీ పాడైనట్టు కాదు. నీళ్లు పోయే గొట్టం పూడుకుపోయింది, కిందనుంచి శుభ్రం చేయించండి.

గ్యాస్ కొట్టించిన నెలకే మళ్లీ మొదటికి

నిర్ణయం అసలు ఇక్కడే తీసుకోవాల్సి వస్తుంది. గ్యాస్ కారే చోట ఆయిలు మరక కూడా ఉంటుంది, దానికి దుమ్ము అంటుకుని నల్లగా కనిపిస్తుంది. కండెన్సర్ ముందు భాగం, గొట్టాల కొసన నొక్కిన అల్యూమినియం బిగింపులు, కంప్రెసర్ ముక్కు, గ్యాస్ ఎక్కించే వాల్వు, కీళ్ల దగ్గరి ఓ-రింగులు (రబ్బరు వలయాలు) టార్చి వేసి చూడండి. కనబడకపోతే నైట్రోజన్ ఎక్కించి సబ్బునీళ్లు రాయించాలి. టైర్లకు పట్టే గాలితో పరీక్షించడానికి ఒప్పుకోవద్దు. అందులోని తేమ లోపలే ఉండిపోయి, గ్యాస్‌తో, ఆయిలుతో కలిసి ఆమ్లంగా మారి లోహాన్ని తింటుంది.

బయట ఎక్కడా బుడగలు లేకుండా ప్రెషర్ మాత్రం పడిపోతుంటే కూలింగ్ కాయిల్‌ను అనుమానించాలి. అది డ్యాష్‌బోర్డు లోపల ఉంటుంది. నీళ్లు కారే గొట్టం కొసన జిడ్డు కనిపించిందా, రోగం అక్కడిదే. కొన్ని పాత చిన్న కార్లలో గ్లవ్‌బాక్స్ విప్పితే కాయిల్ చేతికి అందుతుంది. కొన్నింటిలో డ్యాష్‌బోర్డు మొత్తం దించాలి. అప్పుడు కాయిల్ ధరను కూలీ మించిపోతుంది, ఎండకు పెళుసెక్కిన ప్లాస్టిక్ క్లిప్పులు విరిగి ఆ తర్వాత డ్యాష్‌బోర్డు గడగడలాడుతూ ఉంటుంది. ఒప్పుకునే ముందు "డ్యాష్ దించాలా, దించకుండా అవుతుందా?" అని అడిగి తీరాలి.

లీకు ఎక్కడ బాగు చేసినా వ్యవస్థ తెరిచినందుకు డ్రయర్, విప్పిన కీళ్ల ఓ-రింగులు మార్చాలి. అరగంట నుంచి ముప్పావుగంట వాక్యూమ్ పట్టి, పంపు ఆపాక పావుగంట పాటు గేజీ ముల్లు కదలకుండా నిలబడాలి. గ్యాస్‌ను చేతి అంచనాతో కాదు, బానెట్ కింద స్టిక్కరు మీద రాసిన గ్రాముల ప్రకారం తూచి నింపాలి. ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది.

చప్పుడు, కాలిన వాసన

ఏసీ ఆపి ఉన్నప్పుడు కూడా గరగర వినిపిస్తే పుల్లీ బేరింగు పోయింది, మార్చుకుంటే చాలు. ఏసీ వేస్తేనే చప్పుడు వస్తే లోపం కంప్రెసర్ లోపల ఉంది. స్విచ్ వేయగానే బెల్టు కీచుమని కాలిన వాసన వస్తే కంప్రెసర్ పట్టేసి ఉండవచ్చు. ఒకే బెల్టు ఆల్టర్నేటరును, వాటర్ పంపును, ఏసీని కలిపి తిప్పే కార్లలో ఇది ఏసీ సమస్యగా ఆగదు. బెల్టు తెగితే ఇంజను వేడెక్కి నడిరోడ్డు మీద ఆగుతుంది.

పట్టేసిన కంప్రెసర్ విప్పాక పైపులో వేలు పెట్టి చూడండి. ఆయిలులో వెండి రంగు రజనో, నల్లటి బురదో తగిలితే లోహపు పొడి కండెన్సర్ దాకా పోయినట్టే. విజయవాడ ఆటోనగర్లోనో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో వెతికి పాత కంప్రెసర్ ఒకటి తెచ్చి తగిలిస్తే ఆ పొడి దాన్ని కూడా తినేస్తుంది. కంప్రెసర్, కండెన్సర్, డ్రయర్, ఎక్స్‌పాన్షన్ వాల్వు అన్నీ మార్చి మిగతా గొట్టాలు కడిగించాలి. అంత పెట్టనంటే ఆ పని మొదలుపెట్టకపోవడమే మంచిది.

ఆర్-12 కాలం కార్లు

1990ల నాటి కారైతే అందులో ఆర్-134ఏ కంటే ముందు వాడిన ఆర్-12 గ్యాస్ ఉండి ఉండవచ్చు. ఓజోన్ పొరను తినే ఈ రకం గ్యాసుల ఉత్పత్తిని మాంట్రియల్ ఒప్పందం మేరకు మన దేశం 2010 నాటికి ఆపేసింది. అలాంటి కారును ఆర్-134ఏకు మార్చవచ్చు కానీ పాత గ్యాస్ తీసి కొత్తది పోస్తే కుదరదు. ఆర్-12తో వాడిన మినరల్ ఆయిలు ఆర్-134ఏలో కలవదు, కంప్రెసర్‌కు చేరకుండా మధ్యలోనే నిలిచిపోతుంది. ఆ ఆయిలు వంచేసి ఎస్టర్ ఆయిలు పోయాలి. డ్రయర్, ఓ-రింగులు, గ్యాస్ ఎక్కించే నాజిళ్లు మార్చాలి. గ్యాస్ పాత తూకంలో 80-90 శాతమే పట్టించాలి. ఇంత చేసినా చల్లదనం ఒక పిసరు తక్కువే ఉంటుంది. వంటగ్యాస్ తరహా మిశ్రమాన్ని చవకగా నింపుతామనే చోటికి వెళ్లకండి. చల్లదనం వస్తుంది, నిజమే. కాయిల్ కారితే ఆ మండే గ్యాస్ మీరు కూర్చున్న చోటికే వస్తుంది.

బాగు చేయించడమా, వదిలేయడమా?

లోపం బానెట్ కింద ఉండి ఒకే భాగానికి పరిమితమైతే బాగు చేయించండి, ఆలోచన అక్కర్లేదు. ఫ్యాను, క్లచ్, గొట్టం, కండెన్సర్ అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. కూలింగ్ కాయిల్ ఒక్కటే పోయి కంప్రెసర్ ఆరోగ్యంగా ఉంటే, కారును ఎన్నాళ్లు ఉంచుకుంటారన్నదే ప్రశ్న. సొంత కారు ఆర్‌సీ 15 ఏళ్లు నిండాక అయిదేళ్ల చొప్పున పొడిగిస్తారు. ఇప్పుడే పొడిగించుకుని ఉంటే ఆ ఖర్చు అయిదు వేసవులకు పంచుకోవచ్చు. ఏడాదిలో గడువు ముగిసి, ఆపై అమ్మేసే ఉద్దేశం ఉంటే డబ్బు పెట్టకండి, అమ్మకం ధరలో అది తిరిగి రాదు. లోహపు పొడి వ్యాపించిన కారుకు, కాయిల్, కంప్రెసర్ రెండూ పోయిన కారుకు నేనైతే ఏసీ బాగు చేయించను. ఇంజను తరచూ వేడెక్కే కారుకూ అంతే. ముందు రేడియేటరు సంగతి తేల్చాలి.

ఇవి బండి లెక్కలు. మనుషుల లెక్క వేరే ఉంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం పెద్దవాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన ఇంట్లో ఏసీని విలాసం అనలేం. పొద్దున్నే పాలకు, కూరగాయలకు తిరిగే కారైతే కిటికీలు చాలు.

తీసేస్తే మైలేజీ పెరుగుతుందన్న మాట ఎక్కువగా నమ్మకండి. క్లచ్ అతుక్కోనప్పుడు పుల్లీ ఖాళీగా తిరుగుతుంది, దానికి పోయే ఇంధనం నామమాత్రం. సుమారు 37 హార్స్‌పవర్ ఉన్న మారుతి 800లో ఏసీ వేస్తే పికప్ తగ్గడం తెలుస్తుంది కానీ, స్విచ్ కట్టేస్తే చాలు కదా. కాబట్టి బాగు చేయించనప్పుడు మామూలుగా చేయాల్సింది క్లచ్ కనెక్టరు ఊడదీసి, దాని కొసకు టేపు చుట్టి వదిలేయడం. కంప్రెసర్ పట్టేసినా, పుల్లీ బేరింగు పోయి మార్చే ఉద్దేశం లేకపోయినా విప్పించండి.

విప్పితే ఎలా విప్పాలి

మొదట గ్యాస్‌ను మెషిన్‌తో వెనక్కి తీయించాలి. పైపు వదులు చేసి గాల్లోకి వదిలేయడం వాతావరణానికి చేటు, ఎగజిమ్మే ద్రవం సున్నా కంటే ఎంతో దిగువ చలితో చర్మాన్ని, కళ్లను దెబ్బతీస్తుంది. కంప్రెసర్‌కు విడిగా బెల్టు ఉంటే తీసేస్తే సరి. ఒకే బెల్టు ఉన్న కార్లకు, అదే కారు ఏసీ లేని మోడల్‌కు వచ్చిన పొట్టి బెల్టు సరిపోతుందేమో అడగండి. లేకపోతే కంప్రెసర్ స్థానంలో ఖాళీ పుల్లీ బిగించాలి.

విప్పిన పైపులకు మూతలు పెట్టించండి. కార్బురేటరు బండిలో ఏసీ కోసం ఇంజను ఐడిల్ (బండి ఆగి ఉన్నప్పటి ఇంజను వేగం) పెంచే వాక్యూమ్ గొట్టం ఉంటుంది, దాన్ని తెరిచి వదిలేస్తే ఇంజను నిలకడగా నడవదు. కండెన్సర్ తీసినా దాని ఫ్యానును తొందరపడి తీయించవద్దు, కొన్ని కార్లలో రేడియేటరుకు కూడా అదే సాయం. కూలింగ్ కాయిల్ తీస్తే బ్లోయరుకూ హీటరుకూ మధ్య ఖాళీ ఏర్పడి గాలి డ్యాష్‌బోర్డు వెనకే పోతుంది. ఏసీ లేని మోడల్ డక్టు (గాలి గొట్టం) దొరికితే వేయించండి, దొరక్కపోతే కాయిల్‌ను ఉన్నచోటే ఉంచండి.

వానాకాలంలో ముందు అద్దానికి లోపల పట్టే ఆవిరిని ఇన్నాళ్లూ ఏసీ లాగేసేది. ఇకమీదట గాలి మీటను బయటి గాలి వైపు తిప్పి, హీటరు కొద్దిగా వేసి, బ్లోయరును అద్దం వైపు పెట్టుకోవాలి. ఆ హీటరు మీట పనిచేస్తోందో లేదో తొలకరికి ముందే చూసుకోండి.