బడిలో నాటకం నేర్పే టీచర్లకు శిక్షణ, తోడ్పాటు ఎలా అందించాలి?

మన బడుల్లో చాలా చోట్ల డ్రామా టీచర్ అనే పోస్టే ఉండదు. వార్షికోత్సవం దగ్గరపడగానే హెడ్మాస్టారు ఏ తెలుగు టీచరునో, సోషల్ టీచరునో పిలిచి "ఈసారి నాటిక మీరు చూసుకోండి మేడమ్" అంటారు. అక్కణ్ణించి ఆవిడకు టెన్షన్ మొదలు. నాటకం ఎలా నేర్పాలో ఎవరూ చెప్పలేదు కాబట్టి బాగా మాట్లాడే ఐదారుగురిని ఏరుకుని డైలాగులు బట్టీ పట్టిస్తారు. మిగతా క్లాసంతా చప్పట్లకే. నాటకం అవసరం నిజంగా ఉన్నది ఆ మిగతా పిల్లలకే. వాళ్ళదాకా అది చేరాలంటే టీచరుకు ఏడాది పొడవునా శిక్షణ, పక్కన నిలబడే మనుషులు కావాలి. హెడ్మాస్టర్లు, స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల సమూహం) బాధ్యులు, ఆసక్తి ఉన్న టీచర్లు కలిసి ఇలా మొదలుపెట్టవచ్చు.

1. ఇద్దరిని ఎంచుకోండి

ఒక్కరికే నేర్పిస్తే వాళ్ళకు బదిలీ అయిన రోజున బడిలో నాటకం ఆగిపోతుంది. స్టేజీ ఎక్కిన అనుభవం ఉండాల్సిన పనిలేదు. పిల్లలు చెప్పేది చివరిదాకా వినే ఓపిక ఉన్నవారు దీనికి బాగా పనికొస్తారు.

2. ముందు టీచర్లే ఆడాలి

శిక్షణ మొదటి రోజు ప్రసంగాలు వద్దు. కుర్చీలు పక్కకు జరిపి అందరినీ గుండ్రంగా నిలబెట్టండి. ఒక డస్టర్ చేతులు మారుతూ వెళ్ళాలి. ఒకరి చేతిలో అది ఫోను, ఇంకొకరి చేతిలో ఇస్త్రీపెట్టె, మరొకరికి నిద్రపోతున్న పసిపాప. పది నిమిషాల్లో బిడియం సగం తగ్గిపోతుంది.

తర్వాత బొమ్మ కట్టించండి. విషయం: కుళాయి దగ్గర గొడవ. నలుగురు కదలకుండా ఫొటోలోలా నిలబడతారు. ఒకరు బాటిల్ పడుతున్నారు, ఒకరు దాన్ని లాగుతున్నారు, ఒకరు వరుసలో వెనక, ఒకరు దూరంగా. శిక్షకులు ఒక్కొక్కరి భుజం తట్టి "ఇప్పుడు నీ మనసులో ఏముంది?" అని అడగాలి. ఒక్క వాక్యంలో జవాబు చాలు. దూరంగా నిలబడ్డ మనిషి "నా వంతు వచ్చేసరికి బెల్లు కొట్టేస్తారు" అంటే కథ అక్కడే దొరికినట్టు. ఇప్పుడు గొడవ తీరిన బొమ్మ కట్టమనండి. మొదటి బొమ్మకీ రెండో బొమ్మకీ మధ్య ఏం జరిగిందో ఆడించండి. స్క్రిప్ట్ లేకుండానే చిన్న నాటిక తయారైంది. బ్రెజిల్ దర్శకుడు ఆగస్టో బోవాల్ బాగా ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. నలభై మంది ఉన్న క్లాసులో కూడా నడుస్తుంది.

ఇంకొకటి, టీచరే పాత్రలోకి దిగడం. బ్రిటన్‌లో డొరొతీ హీత్‌కోట్ అనే అధ్యాపకురాలు దీన్ని పాఠం చెప్పే పద్ధతిగా మలిచారు. సోషల్ టీచరు కండువా వేసుకుని తహసీల్దారుగా వస్తారు. క్లాసంతా ప్రాజెక్టు కింద మునిగిపోయే ఊరు. "మీకు వేరే చోట స్థలం ఇస్తాం" అనగానే ప్రశ్నలు మొదలవుతాయి. గుడి సంగతేంటి, బోరు ఎవరు వేయిస్తారు, గేదెల్ని ఎక్కడ కట్టేయాలి? పాఠంలో నోరు విప్పని పిల్లలు ఇక్కడ మాట్లాడతారు.

3. బయటి సాయం అడగండి

కేంద్ర సంస్థ సీసీఆర్‌టీ (సెంటర్ ఫర్ కల్చరల్ రిసోర్సెస్ అండ్ ట్రైనింగ్) 1979 నుంచి పనిచేస్తోంది. కళల్ని పాఠాలతో ఎలా కలపాలో ఉద్యోగంలో ఉన్న టీచర్లకు అది నేర్పుతుంది. తోలుబొమ్మల వంటి వాటినీ నేర్పిస్తుంది. దాని ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. మీ జిల్లా విద్యాశాఖ కార్యాలయంలో అడిగి చూడండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రంగస్థల విభాగాలున్నాయి. అక్కడ చదివే విద్యార్థుల్ని వర్క్‌షాపుకు పిలవవచ్చు. 1885 నుంచి నాటకాలు ఆడుతున్న సురభి కుటుంబాలు, నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులు, మీ ఊళ్ళో పరిషత్తు నాటకాలు ఆడిన పెద్దాయన కూడా మీకు గురువులే. పిలిచినప్పుడు శాలువాతో సరిపెట్టకండి, దారి ఖర్చులు, పారితోషికం ఇవ్వండి.

4. బడిలో చోటు, సమయం ఇవ్వండి

వర్క్‌షాప్ నుంచి ఉత్సాహంగా తిరిగొచ్చిన టీచరు నీరసపడిపోయేది ఇక్కడే. టైమ్‌టేబుల్‌లో వారానికి ఒక పీరియడ్ రాసి ఉండాలి, పరీక్షల పేరుతో దాన్ని లాక్కోకూడదు. సిలబస్ ఏమవుతుందని ఎవరైనా అడిగితే, కళలతో కలిపి పాఠం చెప్పమని 2020 జాతీయ విద్యావిధానమే చెబుతోందని గుర్తుచేయండి.

రెండో టీచరు నెలకోసారి ఆ క్లాసులో వెనక కూర్చోవాలి. తప్పులు రాసుకోవడానికి కాదు. ఇవాళ ఎవరు మాట్లాడలేదు, ఆట ఎక్కడ ఆగింది అనే రెండు విషయాలు గమనిస్తే చాలు. కాంప్లెక్స్ మీటింగులో అరగంట అడిగి తీసుకోండి. ఒక టీచరు ఒక ఆట ఆడించి చూపిస్తారు, వచ్చే మీటింగులో మిగతావాళ్ళు తమ క్లాసులో అది ఎలా నడిచిందో చెబుతారు.

5. పాత్రలు పంచడం నేర్పండి

శిక్షణల్లో దీని గురించి మాట్లాడేది తక్కువ, గాయం చేసేది మాత్రం ఇదే. నల్లగా ఉన్న పిల్లాడికే ఎప్పుడూ రాక్షసుడి వేషం, తెల్లగా ఉన్న అమ్మాయికే రాణి వేషం, పేదింటి పిల్లకు పనిమనిషి పాత్ర. ఇలా ఇచ్చినప్పుడు ఆ పిల్లలకు అది నాటకంలా అనిపించదు, తమ గురించి బడి ఏమనుకుంటోందో చెప్పినట్టు ఉంటుంది. రిహార్సల్స్‌లో పాత్రలు మార్చి మార్చి ఆడించండి, అందరూ అన్నీ ఆడాక ఎవరు ఏది వేయాలో పిల్లలతో కలిసి నిర్ణయించండి. అమ్మాయిలకు, అబ్బాయిలకు దుస్తులు మార్చుకోవడానికి వేర్వేరు గదులు ఉండాలి. సాయంత్రం ఆలస్యమయ్యే రోజు ఇంటికి ముందే కబురు పంపండి.

6. పోటీలకు తొందరపడకండి

హైస్కూలు పిల్లలకు 2015 నుంచి కళా ఉత్సవ్ అనే దేశవ్యాప్త కళల పోటీ జరుగుతోంది. వెళ్ళొచ్చు, కానీ మొదటి ఏడాది వద్దు. బహుమతి ఆశ మొదలైతే మళ్ళీ ఆ ఐదారుగురే మిగులుతారు. మొదటి ఏడాది చివర తల్లిదండ్రుల్ని పిలిచి, స్టేజీ లేకుండా క్లాసు గదిలోనే పిల్లలందరూ అల్లుకున్న చిన్న నాటికలు చూపించండి. రెండో ఏడాది జూన్‌లో ఆ ఇద్దరు టీచర్లూ పక్క బడికి వెళ్ళి, డస్టర్ ఆటతో మొదటి రోజు శిక్షణ తామే నడపాలి.