ఇంటర్వ్యూలో ముందు మార్కులు, తర్వాత మాటలు

అభ్యర్థి తలుపు వేసి బయటికెళ్ళాడో లేదో, ప్యానెల్లో సీనియర్ ఒక మాట అనేస్తారు: "కుర్రాడు బాగున్నాడు, మనవాళ్ళతో ఇట్టే కలిసిపోతాడు." అప్పటిదాకా అటూ ఇటూగా ఉన్న రెండో వ్యక్తి తల ఊపుతారు. మూడో వ్యక్తి నోట్‌బుక్‌లో రాసుకున్న అభ్యంతరం అక్కడే ఉండిపోతుంది. ఆ "మనవాళ్ళు" ఎవరో ఎవరూ అడగరు.

ఏడాదికోసారి రెండు గంటల ట్రైనింగ్ పెట్టి, చివర్లో క్విజ్ రాయించి, సర్టిఫికెట్ చేతిలో పెడితే ఇది మారదు. పని జరిగే వరుస మార్చాలి. నోటి మాట కంటే ముందు కాగితం మీద రాత పడాలి. కింది వివరాలన్నీ హైదరాబాద్‌లో యాభై అరవై మంది ఉండే సాఫ్ట్‌వేర్ ఆఫీసును దృష్టిలో పెట్టుకుని చెబుతున్నవి. స్కూలుకైనా, ఆస్పత్రికైనా ప్రశ్నలు మారతాయి గానీ పద్ధతి ఇదే.

రెజ్యూమె చేతికి వచ్చేలోపు

మన రెజ్యూమెల చివర "పర్సనల్ డీటెయిల్స్" అని ఒక పేరా ఉంటుంది. తండ్రి పేరు, పుట్టిన తేదీ, పెళ్ళి, మతం, సొంతూరి చిరునామా అన్నీ అందులోనే. ఉద్యోగానికి వాటిలో ఒక్కటీ అక్కర్లేదు. కులం అంచనా వేయడానికి మాత్రం ఇంటిపేరు, ఊరు రెండూ చాలు. ఆర్థికవేత్త సుఖ్‌దేవ్ థోరాట్, సామాజికశాస్త్రవేత్త పాల్ అట్వెల్ చేసిన అధ్యయనం 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ పత్రికలో వచ్చింది. ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు సమానమైన అర్హతలతో, పేర్లు మాత్రమే మార్చి దరఖాస్తులు పంపారు. అగ్రవర్ణ పేర్లతో పోలిస్తే దళిత పేర్లకు, ముస్లిం పేర్లకు పిలుపులు తక్కువ వచ్చాయి. అభ్యర్థి మొహం కూడా చూడకముందే జరిగిన వడపోత అది.

కాబట్టి ప్యానెల్లో లేని ఒకరు, సాధారణంగా హెచ్‌ఆర్ నుంచి, ప్రతి రెజ్యూమెకు ఒక నంబరు వేసి పేరు, ఫోటో, తండ్రి పేరు, వయసు, చిరునామా, పెళ్ళి వివరం తీసేయాలి. ఒక్కోదానికి ఐదు నిమిషాలు పడుతుంది. అందరూ తప్పేది ఒకచోటే: లోపల పేరు కొట్టేసి, ఫైలు పేరు, ఈమెయిల్ ఐడీ, లింక్డ్‌ఇన్ లింకు అలాగే వదిలేస్తారు. ఆ మూడూ కూడా చూసుకోండి.

కాలేజీ పేరు తీయాలా వద్దా అన్నదానిపై ఏకాభిప్రాయం లేదు. తీసేయడమే మంచిదని మా అభిప్రాయం. డిప్లొమా చేసి ఈసెట్ ద్వారా ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో చేరినవాళ్ళనూ, పేరు వినని జిల్లా కాలేజీలో చదివినవాళ్ళనూ మొదటి పది సెకన్లలో పక్కన పెట్టేది ఆ ఒక్క లైనే.

రెజ్యూమెలో రెండు మూడేళ్ళ ఖాళీ కనబడితే చాలామంది చప్పున అనుకునేది "ఎక్కడా దొరకలేదన్నమాట" అని. మన దగ్గర ఆ ఖాళీకి మామూలు కారణాలు వేరే ఉంటాయి: గ్రూప్స్‌కి ప్రిపేరవడం, ఇంట్లో పెద్దవాళ్ళకు జబ్బు చేయడం, కాన్పు. అడగాల్సి వస్తే "ఆ మధ్యలో ఏ పనులు తాజాగా ఉంచుకున్నారు?" అని మాత్రమే అడగండి. ఖాళీ ఎందుకొచ్చిందన్నది వాళ్ళంతట వాళ్ళు చెబితే వినాలి, తవ్వకూడదు.

ప్రశ్నపత్రం

అందరికీ అవే ఐదు ప్రశ్నలు, అదే వరుసలో, నలభై ఐదు నిమిషాలు. ఐదుకు మించితే ఆఖరి ప్రశ్నలు హడావిడిగా పోతాయి. ప్రతి ప్రశ్నకూ 1 నుంచి 5 మార్కులు. ఏ జవాబుకు ఎన్ని మార్కులో ముందు రోజే రాసిపెట్టాలి. చాలా ఆఫీసులు ఈ పని ఎగ్గొడతాయి. అది లేకపోతే ప్రశ్నలూ మార్కులూ ఉన్న షీటు చేతిలో ఉన్నా దండగే, ఎందుకంటే మనిషి నచ్చాడా లేదా అన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది. సపోర్ట్ ఇంజనీర్ ఉద్యోగానికి ఒక ప్రశ్న ఇలా ఉంటుంది:

"రాత్రి పదింటికి కస్టమర్ల పేమెంట్లు ఆగిపోయాయి. మొదటి పది నిమిషాల్లో ఏం చేస్తారు?"

సర్వర్ రీస్టార్ట్ చేస్తానంటే 1. లాగ్స్ చూసి, ఈరోజు కొత్తగా ఏం రిలీజ్ అయిందో కనుక్కుంటానంటే 3. ఎంతమందికి దెబ్బ తగిలిందో మొదట చూసి, ఇవాళ్టి మార్పును వెనక్కి తీసుకుంటూ, ఎవరికి ఫోన్ చేయాలో కూడా చెప్పి, ఏ నిమిషానికి ఏం చేశారో రాసుకుంటానంటే 5. 2, 4 మధ్యలోవాటికి.

ఇందులో ఇంగ్లీషు ప్రస్తావన లేదు చూడండి. ఉద్యోగంలో క్లయింట్‌తో కాల్స్ ఉంటే దానికి విడిగా ఒక ప్రశ్న పెట్టి, ఇంగ్లీషులో ఐదు నిమిషాలు వివరించమనండి. కాల్స్ లేని ఉద్యోగానికి తెలుగులో చెప్పినా మార్కులు అవే. ఇంగ్లీషు తడబడితే బుర్ర కూడా తడబడుతోందనుకోవడం మన ఆఫీసుల్లో పాతుకుపోయిన ఊహ. శ్రీకాకుళం యాస, పాలమూరు యాస వినగానే నవ్వొచ్చే గదిలో అయితే మరీ జాగ్రత్త.

1920లో అమెరికన్ మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ ఒక సంగతి గమనించాడు: సైనికాధికారులు తమ కింది వాళ్ళకు ఒక గుణంలో మంచి మార్కులు వేస్తే, సంబంధం లేని మిగతా గుణాల్లోనూ అలాగే వేస్తున్నారు. ఇంటర్వ్యూలో జరిగేదీ ఇదే. మొదటి జవాబు అదిరిపోతే మిగతా నాలుగూ బాగున్నట్టే వినిపిస్తాయి. విరుగుడు చాలా చిన్నది. ప్రతి జవాబు అవగానే ఆ ప్రశ్నకు మార్కు వేసేయాలి. అయిదూ అయ్యాక కూర్చుని వేయకూడదు.

"ఏ ఊరు బాబూ మీది?"

ప్యానెల్లో ఎవరో ఒకరు ఆప్యాయంగానే అడుగుతారు. "ఏ ఊరు? ఎవరి తాలూకు?" అడిగిన ఆయనకు అది పలకరింపు. వినేవాళ్ళలో కొందరికి అది కులం కనుక్కునే మొదటి మెట్టు, చిన్నప్పటి నుంచీ తెలిసిన మెట్టు. "పెళ్ళయిందా? ఇంట్లో ఒప్పుకుంటారా?" అన్నది ఆడవాళ్ళకే ఎదురవుతుంది. అభ్యర్థి ముందే తగాదా పెట్టుకోకండి. షీటు పట్టుకున్నవాళ్ళు నవ్వుతూ "సార్, టైమైపోతోంది, రెండో ప్రశ్నకు వెళ్దామండీ" అంటే చాలు. తర్వాత విడిగా, మిగతావాళ్ళు లేనప్పుడు, "సార్, మీరు మామూలుగానే అడిగారు, కానీ జవాబు విన్నాక మన మార్కులు మారిపోయే ప్రమాదం ఉంది, అందుకే షీట్లో పెట్టలేదు" అని చెప్పండి. నలుగురిలో సిగ్గుపడ్డ మనిషి మరుసటి ఇంటర్వ్యూకు షీటునే పక్కన పడేస్తారు.

ఇరవై నిమిషాల చర్చ

అందరి మార్కులూ పంపేదాకా ఎవరూ నోరు విప్పకూడదు, టీ తాగేటప్పుడు కూడా. చర్చలో అందరికంటే జూనియర్ మొదట మాట్లాడాలి, మేనేజర్ ఆఖర్న. రెండు మార్కులు లేదా అంతకు మించి తేడా ఉన్న ప్రశ్నలనే తీసుకోండి. మిగతావి చదివి దాటేయండి.

"కాన్ఫిడెన్స్ లేదు", "కల్చర్‌కి సెట్ కాడు" లాంటి మాట వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వరుసగా అడగాలి. ఏం చూశారు, లేదా ఏం విన్నారు? దాన్నుంచి ఏమనుకున్నారు? అదే దానికి వేరే కారణం ఏముండొచ్చు? "కళ్ళలోకి చూడలేదు" అన్నది చూసింది. "దాస్తున్నాడు" అన్నది అనుకున్నది. పెద్దల కళ్ళలోకి చూసి మాట్లాడొద్దని నేర్పిన ఇంట్లో పెరిగి ఉండొచ్చన్నది మూడోది. ఈ మూడూ విడిపోయాక ఆ అభ్యంతరం నిలబడితే ఉంచండి, లేదంటే కొట్టేయండి.

రిఫరల్‌తో, అంటే ఆఫీసులోవాళ్ళ సిఫారసుతో, వచ్చినవాళ్ళకూ ఇదే షీటు. రిఫర్ చేసినవారు ప్యానెల్లో ఉండకూడదు. తీసుకోని అభ్యర్థులకు ఐదు పనిదినాల్లో రెండు లైన్లు రాయండి: ఏ ప్రశ్నలో బాగా చెప్పారు, ఏది తగ్గింది. షీటు ఉంది కాబట్టి అది రెండు నిమిషాల పని.

చేరిన తర్వాత

ఇదే అలవాటు అప్రైజల్‌కూ, అంటే ఏడాది పనిని బట్టి రేటింగ్ ఇచ్చే సమీక్షకూ, పనికొస్తుంది. మార్చిలో కూర్చుంటే ఫిబ్రవరి మాత్రమే గుర్తుంటుంది. అందుకే నెలకోసారి ఒక్కొక్కరి గురించి చూసింది మూడు వాక్యాలు రాసిపెట్టాలి. 2017 చట్ట సవరణతో, అప్పటికి ఇద్దరి కంటే తక్కువ పిల్లలున్నవాళ్ళకు మెటర్నిటీ సెలవు 26 వారాలైంది. ఆ వారాల్లో "పని కనబడలేదు" అని రేటింగ్ తగ్గించే మేనేజర్లు ఇప్పటికీ ఉన్నారు. పనిచేసిన నెలలకే మార్కులు వేయాలి. మీటింగ్ మినిట్స్ రాయడం, పుట్టినరోజు కేకు తెప్పించడం ఎప్పుడూ ఆడవాళ్ళకే పడుతోందేమో చూసి, గోడ మీద వారాలవారీ పేర్ల పట్టీ అంటించండి.

మూడు నెలలకోసారి పాత షీట్లన్నీ ముందేసుకోండి. అందరికీ 4 వస్తున్న ప్రశ్న ఎవరినీ వేరుచేయడం లేదు, దాన్ని తీసి కొత్తది రాయండి. ఒకే ప్రశ్నకు ప్యానెల్లో ఒకరు 2, ఇంకొకరు 5 పదేపదే వేస్తుంటే తప్పు అభ్యర్థులది కాదు, మార్కులకు మీరు రాసిన వివరణది. ఆ ఇద్దర్నీ కూర్చోబెట్టి 3కూ 5కూ తేడా మళ్ళీ రాయించండి.